పాత బృందగానాలకు ఇంటర్నెట్ రేడియోలో చోటు నిలవాలి

అమెరికాలో 1940, 50ల నాటి డూ-వాప్ (పలు గొంతుల శ్రుతిమేళనమే ప్రధానమైన శైలి) బృందగానాలను వినిపించే చిన్న ఇంటర్నెట్ రేడియోలు రాయల్టీ భారంతో ఒక్కొక్కటిగా మూతపడటం ఆందోళనకరం. ఓరియోల్స్, రేవెన్స్, ఫ్లమింగోస్ వంటి బృందాల 78, 45 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) రికార్డులను సేకరించే వ్యక్తిగా నేను గమనించిందేమిటంటే, చిన్న కంపెనీలు కొద్ది సంఖ్యలో విడుదల చేసిన అనేక పాటలు పెద్ద స్ట్రీమింగ్ సేవల్లో దొరకవు; సేకర్తల అరల్లోని డిస్కులే వాటికి ఆధారం, అవి శ్రోతలకు చేరే దారి ఈ చిన్న స్టేషన్లే. చిన్న స్టేషన్లు రాయల్టీగా తమ ఆదాయంలో కొంత శాతం చెల్లించే వెసులుబాటు 2015తో ముగిసింది. ఆ తర్వాత నేను వినే స్టేషన్లు కొన్ని ఆగిపోయాయి. 2021 నుంచి 2025 వరకు ప్రతి స్టేషనూ ఏటా కనీసం 1,000 డాలర్లు చెల్లించవలసి వచ్చింది; గాలిలో ప్రసారం చేసే ఎఫ్‌ఎం కేంద్రాలు మాత్రం ధ్వనిముద్రణల హక్కుదారులకు ఏమీ చెల్లించనక్కరలేదు; ఇది అన్యాయం. 1972కు ముందు పాడిన గాయకులకూ డిజిటల్ రాయల్టీపై హక్కు కల్పించిన 2018 చట్టాన్ని నేను మనసారా సమర్థిస్తాను, ఆ వృద్ధ కళాకారులకు ప్రతిఫలం అందవలసిందే. అయితే రాయల్టీలు వసూలు చేసే సౌండ్‌ఎక్స్ఛేంజ్ సంస్థ చిన్న ప్రసారకర్తలతో ఒప్పందం కుదుర్చుకుని, ఆదాయానికి తగిన రుసుమును పునరుద్ధరించాలి. సేకర్తలు కూడా మార్కెట్లో లేని రికార్డుల జాబితాలు సిద్ధం చేసి, కాపీరైట్ కార్యాలయానికి నోటీసు ఇచ్చి, 90 రోజుల్లో హక్కుదారు అభ్యంతరపెట్టకపోతే వాటిని వాణిజ్యేతరంగా వాడుకోవచ్చని అదే చట్టం కల్పించిన అవకాశాన్ని వినియోగించుకోవాలి.