పాట లేని పటం: కేంద్ర జౌళి శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర జౌళి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. పశ్చిమ బెంగాల్‌లో పశ్చిమ మేదినీపూర్ జిల్లా పింగ్లా బ్లాకులో ఉన్న నయా అనే పల్లె గురించి, అక్కడి పటువాల గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా ఊళ్లో హౌరా వైపు వెళ్లే లోకల్ ఎక్కి, బాలిచక్‌లో దిగి రోడ్డు దారి పడితే నయా వస్తుంది. అక్కడ పటాలు, అంటే చుట్ట చుట్టే పొడవాటి కథల బొమ్మలు గీసే కుటుంబాలన్నిటికీ దాదాపుగా ఇంటిపేరు ఒక్కటే, చిత్రకర్. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం మీ శాఖలోనే ఉంది, చేతివృత్తులవారికి గుర్తింపు కార్డులు ఇచ్చేదీ మీ శాఖే. అందుకే ఈ విన్నపం మరెవరికో కాక మీకే చేస్తున్నాను.

పటువా బొమ్మ గీస్తాడు, ఆ బొమ్మకు తగిన పాట కట్టి తానే పాడతాడు. ఇవి రెండు వృత్తులు కావు, ఒకే వృత్తి. మన పథకాలు మాత్రం బొమ్మను చేతివృత్తి కింద జమకట్టి పాటను బయట నిలబెట్టాయి. నా ఫిర్యాదు ఇంతే.

ఆ పని ఎలా సాగుతుందో మీరు ఒక్కసారి దగ్గర కూర్చుని చూస్తే నా మాట తేలిగ్గా అర్థమవుతుంది. నేను చూసిన ఇంట్లో అరుగు మీద ఏడెనిమిది కొబ్బరి చిప్పలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక చిప్పలో శంఖుపూల నీలం, ఇంకో చిప్పలో పసుపు, మరోదాంట్లో చిక్కుడాకు నలిపి పిండిన ఆకుపచ్చ, పక్కన జాఫ్రా గింజల ఎరుపు, దీపం మసితో చేసిన నలుపు. ఆ ఇల్లాలు పచ్చి మారేడు కాయను పగలగొట్టి, గింజల చుట్టూ ఉండే బంకను వేలితో తీసి ఒక్కొక్క చిప్పలో కలుపుతోంది. ఆ బంక కలవకపోతే రంగు కాగితాన్ని పట్టదు, పటం చుట్టినప్పుడల్లా పొడిలా రాలిపోతుంది. కాగితాలను ఒకదాని కింద ఒకటి అతికి నిలువుగా పొడవు చేసుకుంటారు. గీయడం అయ్యాక వెనకవైపు పాత చీర గుడ్డ అంటిస్తారు. వందలసార్లు విప్పి చుట్టినా చిరగకుండా కాచేది ఆ పాత చీరే.

రంగు ఆరిన పటాన్ని ఆమె చుట్ట చుట్టి పట్టుకుని పైనుంచి కొద్దికొద్దిగా విప్పుతూ, చూపుడు వేలితో ఒక్కో గడినీ చూపిస్తూ పాట ఎత్తుకుంది. అది పాముల దేవత మనసాదేవి కథ. పెళ్లినాటి రాత్రే పాము కాటుకు చనిపోయిన లఖిందర్ శవాన్ని అరటి బోదెల తెప్ప మీద పెట్టుకుని అతని భార్య బెహులా నదిలో సాగిపోతుంది. వేలు ఒక గడి నుంచి మరో గడికి జారేసరికి పాటలో నది కూడా మలుపు తిరుగుతుంది. గొంతు ఏ గడి దగ్గర ఆగితే కన్నూ అక్కడే ఆగుతుంది. పాట చివర ఆమె తన పేరు, తన ఊరి పేరు కలిపి పాడింది. దాన్ని అక్కడ భణిత అంటారు. మన వాగ్గేయకారులు కీర్తన చివర ముద్ర వేసినట్టే పటువా కూడా తన సంతకాన్ని పాటలోనే పెడతాడు.

ఈ పటువాల్లో ఎక్కువమంది ముస్లింలు. పాడేది మాత్రం మనసా కథ, చండీ కథ, రామకథ, కృష్ణలీల. చాలామందికి రెండు పేర్లు ఉంటాయి, ఒకటి ఇంట్లో, ఒకటి ఊరి మీద. దీన్ని మతసామరస్యానికి ప్రదర్శన వస్తువుగా చూపాలని నా ఉద్దేశం కాదు, వాళ్లకు అది తరతరాల బతుకుతెరువు. సునామీ వచ్చినప్పుడు సునామీ పటం గీశారు, న్యూయార్క్‌లో జంట భవనాలు కూలినప్పుడు ఆ పటం, కరోనా వచ్చినప్పుడు కరోనా పటం. ఎయిడ్స్ గురించి, చెట్లు నాటడం గురించి జనానికి చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా పటువాల చేత గీయించారు, పాడించారు. అంటే ప్రచారానికి పనికొచ్చే వేళ అందరికీ పాట గుర్తుంటుంది, పథకం రాసే వేళ మరచిపోతారు.

2018లో బెంగాల్ పటచిత్రానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే ఏడాది అదే రాష్ట్రం నుంచి మదుర్‌కాఠి చాపలకూ దక్కింది. రెండూ మేదినీపూర్ నేల మీదివే కావడంతో మా వైపు అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే ఆ గుర్తింపునిచ్చే 1999 నాటి చట్టం సరుకుల కోసం చేసినది. చాప సరుకే, దానికి ఆ చట్టం కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోతుంది. పటం సగమే సరుకు. మిగతా సగం గొంతులో ఉంటుంది, ఆ సగానికి ఆ చట్టంలో చోటు లేదు. దాన్ని తిరగరాయడం మీ శాఖ చేతిలో లేని పని అని నాకు తెలుసు. కానీ మీ శాఖ పథకాలు కూడా ఆ చట్టం గీసిన గీత దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

కొన్నేళ్ల క్రితం ఒక నగరంలో జరిగిన హస్తకళల ప్రదర్శనలో నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. నయా నుంచి వచ్చిన ఒక పటువా తన స్టాలు ముందు పటం విప్పి పాట అందుకున్నాడు. నాలుగు గడులు దాటకముందే నిర్వాహకుల మనిషి ఒకరు వచ్చి, పక్క స్టాళ్ల వ్యాపారానికి ఇబ్బందిగా ఉందని, పాటలకు సాయంత్రం వేదిక మీద వేరే కార్యక్రమం ఉందని చెప్పి ఆపించారు. వేదిక కార్యక్రమం జాబితాలో అతని పేరు లేదు, ఎందుకంటే అతను చేతివృత్తి కోటాలో వచ్చాడు. పటాన్ని మళ్లీ చుట్టేసి మూల నిలబెట్టి, ఆ పూటంతా రంగులు వేసిన కెటిళ్లు, టీషర్టులు అమ్ముకున్నాడు.

కెటిళ్లను నేను చిన్నచూపు చూడటం లేదు. వాటితోనే ఎన్నో ఇళ్లలో పిల్లల చదువులు సాగుతున్నాయి. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పాడితే గుప్పెడు బియ్యం దొరికే రోజులు మళ్లీ రావాలని కోరడం ఊళ్లో కూర్చుని జీతం తీసుకునే నాలాంటివాడికి తగని మాట. నా భయం వేరు. కెటిలు మీద నాలుగు చేపలు గీయడానికి చేపల పెళ్లి పటానికి పాడే పాట రానక్కర్లేదు. పాట రాకపోయినా అమ్మకం ఆగనప్పుడు తర్వాతి తరం పాట నేర్చుకోదు. పాట రానివాడికి ఇరవై గడుల పటంలో ఏ గడి తర్వాత ఏది రావాలో తెలియదు, కాబట్టి నిలువు పటం పోయి ఒంటి బొమ్మ మిగులుతుంది.

ఇది ఊహ కాదు, మా తెలుగు నేల మీద జరిగిపోయిన కథ. తెలంగాణలోని చేర్యాలలో నకాషీ కళాకారులు గుడ్డ మీద మూరల కొద్దీ పటం గీసేవారు. వాటిని కూనపులివారు, కాకిపడగలవారు, మందహెచ్చులవారు వంటి కథకులు గీయించుకుని, తమను పోషించే కులాలకు వారి వారి పురాణాలు పాడేవారు. అక్కడ గీసే చెయ్యి ఒకరిది, పాడే గొంతు మరొకరిది. కథ చెప్పించుకునేవారు తగ్గడంతో కథకులు తగ్గారు, కథకులు తగ్గడంతో పటం గీయమని అడిగేవారు లేకపోయారు. నకాషీలు మాస్కులకూ, గోడకు తగిలించే చిన్న బొమ్మలకూ మళ్లి కళను నిలబెట్టారు, అది గొప్ప సంగతే. పటం కథ మాత్రం ఆ చిన్న చట్రంలో పట్టలేదు. నయాలో చెయ్యి, గొంతు ఒకే మనిషివి. చేర్యాలలో రెండు కొసల్నీ పట్టుకోవాల్సి వచ్చేది, ఇక్కడ ఒక్క మనిషిని నిలబెడితే రెండూ నిలుస్తాయి. ఇంత తేలికైన అవకాశం మళ్లీ దొరుకుతుందని నేను అనుకోను.

మీకంటే ముందు ఒక ప్రభుత్వోద్యోగి ఈ పని చేసి చూపించాడు. బ్రిటిష్ కాలపు ఐ.సి.ఎస్. అధికారి గురుసదయ్ దత్ బీర్భూమ్ జిల్లాలో పనిచేస్తూ పటాలు సేకరించారు, పటాలతోపాటు పాటలనూ రాయించుకున్నారు. ఆ పాటల సంపుటిని 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఆయన సేకరించిన వస్తువులు కోల్‌కతా శివారు జోకాలో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియానికి మీ శాఖ నుంచి అందే సాయం 2017లో ఆగిపోయింది. ఆ నిర్ణయం మీది కాకపోవచ్చు, దాన్ని మళ్లీ పరిశీలించే అధికారం మాత్రం మీదే.

నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పటువాల వివరాలు నమోదు చేసే దరఖాస్తులో, ఆ మనిషికి ఏయే పటాల పాటలు వచ్చునో రాసే గడి ఒకటి చేర్చండి. మీ శాఖ సాయంతో జరిగే ప్రదర్శనల్లో పటువాకు స్టాలు దగ్గరే పాడుకునే వేళలు కేటాయించి, ఆ పాటకు విడిగా పారితోషికం ఇప్పించండి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం జానపద కళాకారులకు లోక్‌ప్రసార్ ప్రకల్ప కింద నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది కాబట్టి, పాడే పనికి ప్రభుత్వం డబ్బు ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. గురుశిష్య పద్ధతిలో శిక్షణకు సాయం చేసేటప్పుడు కుంచెతోపాటు పాట నేర్పే పెద్దలనూ గురువులుగా గుర్తించండి. వయసు మీద పడి చూపు మందగించాక పటువా గీయలేడు, పాడటం మాత్రం వదలడు. గీయలేనివాడు ఇక చేతివృత్తివాడు కాదని అతన్ని పక్కన పెడితే, అందరికంటే ఎక్కువ పాటలు వచ్చినవాణ్ణే పక్కన పెట్టినట్టు అవుతుంది. సంస్కృతి శాఖతో మాట్లాడి, ఆ పెద్దల పాటలను వారి పటాలతో కలిపి, భణిత కోసేయకుండా చివరిదాకా రికార్డు చేయించండి.

ఏటా నవంబరు ప్రాంతంలో నయాలో పట్‌మాయా అనే ఉత్సవం జరుగుతుంది. ఇళ్ల గోడల నిండా బొమ్మలు ఉంటాయి, అరుగుల మీద పటాలు పరిచి ఉంటాయి. వీలు చూసుకుని ఒకసారి రండి. ఏదో ఒక అరుగు మీద కూర్చుని, ఒక్క పటాన్ని పై గడి నుంచి కింది గడి దాకా పాడించుకుని వినండి. దారి చూపడానికి బాలిచక్ స్టేషన్ దగ్గర నేను ఉంటాను.

భవదీయుడు,
ఖరగ్‌పూర్ నివాసి, ఒక తెలుగు రైల్వే ఉద్యోగి