కాన్పులో దెబ్బతిన్న చేతులకు భవిత కేంద్రాల్లో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

కాన్పు సమయంలో చేతి నరాలు దెబ్బతిన్న పిల్లల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిపే భవిత కేంద్రాల్లో ఈ పిల్లలకు కసరత్తుతో పాటు మోటార్ ఇమేజరీ, అంటే చెయ్యి కదుపుతున్నట్టు మనసులో సాధన చేయడం, కూడా నేర్పించాలన్నది నా విన్నపం. దీనికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, ఖరీదైన మెషీన్లు అక్కర్లేదు. నేర్పే మనిషికి సరైన శిక్షణ ఉంటే చాలు. నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా మనవరాలి కుడి చెయ్యి ఇలాగే దెబ్బతింది. అందుకని ఈ బాధ మా ఇంట్లో అందరికీ తెలుసు.

బిడ్డ తల బయటికొచ్చాక భుజం లోపల ఇరుక్కుపోతే, బయటికి తీసేటప్పుడు మెడకీ భుజానికీ మధ్య నరాలు సాగిపోవచ్చు. వెన్నుపాము నుంచి ఐదు నరాల వేర్లు వచ్చి, అల్లుకుని, చేతిలోకి దిగేది అక్కడే. పై రెండు వేర్లు దెబ్బతింటే బిడ్డ భుజం ఎత్తలేదు, మోచెయ్యి మడవలేదు. దీన్నే డాక్టర్లు ఎర్బ్స్ పాల్సీ అంటారు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరు పిల్లలకు ఇలాంటి గాయం అవుతుందని చెబుతారు. గర్భంతో ఉండగా తల్లికి షుగర్ వచ్చి బిడ్డ బరువు బాగా పెరిగితే ప్రమాదం ఎక్కువ. భుజం ఇరుక్కున్న ఆ కొద్ది నిమిషాల్లో బిడ్డ ప్రాణం దక్కించడమే డాక్టరు ముందున్న పని. కాబట్టి కాన్పు చేసినవాళ్లను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఆ తర్వాత బిడ్డను పట్టించుకునే నాథుడు లేకపోవడమే నా బాధ.

మా మనవరాలు పుట్టిన ఆసుపత్రిలో "వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది" అన్నారు. డిశ్చార్జి కాగితంలో చెయ్యి సంగతే రాయలేదు. ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లు తలో మాట అన్నారు. గాలి సోకిందని ఒకరు, నూనె రాసి గట్టిగా లాగితే సాపవుతుందని ఇంకొకరు. దయచేసి ఎవరూ అలా లాగకండి. నీళ్లు పోసేటప్పుడు చంకల కింద చేతులేసి బిడ్డను ఎత్తకండి. చాలామంది పిల్లల్లో నరం దానంతటదే కోలుకునే మాట నిజమే. కానీ మూడో నెల నిండేసరికి బిడ్డ మోచెయ్యి మడవడం మొదలుపెట్టకపోతే నిపుణులకు చూపించాల్సిందే. ఆపరేషన్ అవసరమైతే మామూలుగా ఏడాది లోపే చేస్తారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడాలని నిబంధన ఉంది. అలా వచ్చినప్పుడు బిడ్డ రెండు చేతులూ సమానంగా ఆడిస్తోందా అని కాగితంలో ఒక్క గడిలో టిక్కు పెట్టించినా ఎందరో పిల్లలు వేళకు డాక్టరు దగ్గరికి చేరతారు.

ఇక మోటార్ ఇమేజరీ సంగతికి వస్తాను. నరం కోలుకున్నాక కూడా కొందరు పిల్లలు ఆ చేతిని వాడరు. కండరానికి సత్తువ వచ్చింది, పరీక్షలో కదులుతోంది, అయినా ఆటలో, అన్నం దగ్గర, పలక పట్టుకునేటప్పుడు ఆ చెయ్యి పక్కనే వేలాడుతుంది. ఎందుకంటే మొదటి నెలల్లో ఆ చేతినుంచి మెదడుకు కబురే అందలేదు. చేతిని ఎలా కదపాలో నేర్చుకోవాల్సిన వయసులో మెదడు నేర్చుకోలేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఈ గాయంతో పుట్టినవాళ్లను చెయ్యి కదుపుతున్నట్టు ఊహించుకోమని మెదడును స్కాన్ చేశారు. మామూలు వాళ్లకంటే వీళ్ల మెదడు ఎక్కువగా పనిచేస్తూ కనిపించింది. అంటే చిక్కు ఒక్క నరంలోనే లేదు, మెదడులోనూ ఉంది. అలాంటప్పుడు మనం చేయించే కసరత్తంతా భుజానికీ మోచేతికీ మాత్రమే అయితే సగం పని వదిలేసినట్టే.

మా మనవరాలు భోజనాల బంతిలో కూర్చుని కుడిచేత్తో ముద్ద నోటికి తీసుకెళ్తే మోచెయ్యి భుజమెత్తున పక్కకి లేస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లకి తగులుతుంది. భుజం బయటికి తిరగక చెయ్యి ఆ దారి వెతుక్కుంటుంది. దాంతో పాప ఎడంచేత్తో తినబోతే, పెళ్లిలో పెద్దలు "ఎడం చేత్తో ముద్ద ఏంటమ్మా" అని కసురుకున్నారు. అప్పట్నుంచి పేరంటమంటే పాపకి టెన్షన్. శరీరం మీద ఉన్న లోపం కంటే ఇది ఎక్కువ కుంగదీస్తుంది.

పాపకి ఈ సాధన నేర్పింది కాకినాడలో ఒక ఫిజియోథెరపిస్టు. మొదట చేతుల ఫొటోలున్న కార్డులు ఇచ్చారు. అరచెయ్యి పైకున్నవి, తలకిందులుగా ఉన్నవి, వేళ్లు పక్కకి తిరిగినవి. ఒక్కో కార్డు చూసి అది కుడో ఎడమో చెప్పాలి. చూడ్డానికి ఆటలా ఉంటుంది కానీ, జవాబు కోసం మెదడు తన సొంత చేతిని లోపల తిప్పి చూసుకుంటుంది. పాప ఎడమచేతి కార్డులు టకటకా చెప్పేది, కుడిచేతివి వచ్చేసరికి ఆగిపోయేది. తర్వాత కళ్లు మూసుకోమన్నారు. గ్లాసు అందుకుని నోటి దాకా తెచ్చుకుంటున్నట్టు ఊహించుకోమన్నారు. ఎవరో చేస్తుంటే దూరం నుంచి చూసినట్టు కాదు, తన చేతిలోనే బరువు, చల్లదనం తెలుస్తున్నట్టు. అయిపోగానే "అయింది" అనాలి. గ్లాసు మంచి చేత్తో నిజంగా తీసుకోవడానికి పట్టిన టైముకీ, ఊహలో పట్టిన టైముకీ పెద్ద తేడా లేకపోతే పిల్ల నిజంగా ఊహిస్తోందన్నమాట. క్షణంలో "అయింది" అంటే ఊహించకుండా ఊరికే అనేసిందన్నమాట. ఒకరోజు పాప అంది, "తాతయ్యా, ఇవాళ లోపల చెయ్యి పైదాకా లేచింది" అని.

మూడోది అద్దం. రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి, కుడి చెయ్యి దాని వెనక దాచి, ఎడమ చెయ్యి కదుపుతూ అద్దంలోకి చూడాలి. కుడి చెయ్యే కదులుతున్నట్టు మెదడుకు తోస్తుంది. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, తెగిపోయిన చెయ్యి ఇంకా నొప్పి పెడుతోందనే రోగుల కోసం వాడిన పద్ధతి ఇది. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకీ అద్దంతో, ఊహతో సాధన చేయిస్తున్నారు. ఆటగాళ్లు పోటీకి ముందు కళ్లు మూసుకుని తమ దూకును మనసులో చూసుకోవడం నా ఉద్యోగంలో నేను ఎరిగిందే.

దీన్ని మంత్రంలా ఎవరూ భావించకూడదు. పక్షవాతం రోగుల మీద జరిగినన్ని పరిశోధనలు ఈ పిల్లల మీద ఇంకా జరగలేదు. భుజం బిగుసుకుపోకుండా పసితనం నుంచి రోజూ చేయించే కసరత్తుకి, అవసరమైన ఆపరేషన్‌కి ఇది బదులు కాదు, వాటికి తోడు. మరీ చిన్నపిల్లలు చెప్పినట్టు ఊహించలేరు. ఆరేడేళ్లు వచ్చాకే వీలవుతుంది, ఎదిగేకొద్దీ ఇంకా బాగా చేస్తారు. ఒక్కసారికి ఐదు పది నిమిషాలు మించకూడదు, పిల్ల విసుక్కుంటే ఆపేయాలి. జడ వేయించుకునేటప్పుడు రిబ్బను కొసను పాప ఇప్పుడు కుడిచేత్తో పట్టుకుంటోంది. అది కేవలం ఊహా సాధన వల్లే అని నేను అనను. కానీ చేతిని పాప మరిచిపోవడం మానేసింది. అది మాత్రం కళ్లారా చూస్తున్నాను.

అసలు ఇబ్బంది దూరం. సఖినేటిపల్లి, మలికిపురం వైపు నుంచి కాకినాడ పోయి రావాలంటే ఒక రోజు పని పోతుంది, ఇద్దరి బస్సు ఛార్జీలు అవుతాయి. కొబ్బరి దింపుకి, రొయ్యల చెరువుల పనికి పోయే తల్లిదండ్రులు వారం వారం ఆ కూలి వదులుకోలేరు. వరద వస్తే గోదావరి దాటించే నరసాపురం పంటు ఆపేస్తారు, కనకాయలంక కాజ్‌వే మీదికి నీళ్లొస్తాయి. లంకల్లో పిల్లలకు అప్పుడు వైద్యమే ఆగిపోతుంది. ఒకసారి చక్కగా నేర్పితే ఇంటి అరుగు మీద చేసుకోగలిగే సాధన కాబట్టే ఇది డెల్టాకి బాగా సరిపోతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించాలంటుంది. అది చూడాల్సిన లోపాల జాబితాలో నరాల, కదలికల లోపాలు ఉన్నాయి. జిల్లా స్థాయిలో సత్వర చికిత్స కేంద్రం, అందులో ఫిజియోథెరపిస్టు ఉండాలన్నది కూడా ఆ పథకంలోదే. మండలంలో భవిత కేంద్రం ఉంది, అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. వాళ్లకి ఎర్బ్స్ పాల్సీ పిల్లల కోసం మోటార్ ఇమేజరీ మీద శిక్షణ ఇప్పించండి. సూచనలు మన యాసలో ఆడియోగా రికార్డు చేయించి తల్లుల ఫోన్లకి పంపించండి. కార్డుల మీద ఫొటోలు గాజులు వేసుకున్న చేతులవి, పలక పట్టుకున్న చేతులవి ఉంటే పిల్లలు ఇంకా చొరవగా చూస్తారు. దివ్యాంగులకిచ్చే సాయానికి 40 శాతం వైకల్యం ఉండాలంటారు, చాలామంది ఈ పిల్లలకు అంత శాతం రాదు. శాతం రాలేదన్న సాకుతో భవిత గుమ్మం దగ్గర నుంచి వెనక్కి పంపకూడదని రాతపూర్వకంగా ఆదేశాలు ఇవ్వాలి.

కలెక్టరు గారినీ, సమగ్ర శిక్ష అధికారులనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వేసవి సెలవుల్లో ఉపాధ్యాయులకి జరిగే శిక్షణలోనే దీనికి ఒక రోజు కేటాయిస్తే జూన్‌లో బడి తెరిచేసరికి పని మొదలుపెట్టొచ్చు. మా మండల కేంద్రానికి కావాల్సిన కార్డుల కట్టా, అద్దమూ నేనే చేయించి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
సఖినేటిపల్లి మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా