ఆ సినిమాలో మా పిల్లలు లేరు

సంపాదకులు గారికి,
నమస్కారం.

విశాఖపట్నంలోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాల విద్యార్థుల మీద తీసిన హాస్య చిత్రం గురించి నెల రోజులుగా ఎటు చూసినా ప్రశంసలే వినిపిస్తున్నాయి. పేరున్న నటులెవరూ లేకుండా, తక్కువ ఖర్చుతో కొత్తవాళ్లంతా కలిసి తీశారనీ, ఇంటర్ పిల్లల జీవితాన్ని ఇంత సహజంగా చూపించిన సినిమా తెలుగులో ఇంతవరకూ రాలేదనీ పత్రికలు రాశాయి, టీవీల్లో చెప్పారు, విడుదలకు ముందు రోజు వేసిన ప్రీమియర్ షోల నుంచి బయటికి వచ్చినవాళ్లు వీడియోలు పెట్టారు. మీ సినిమా పేజీలో వచ్చిన సమీక్ష కూడా ఆ మాటే చెప్పింది. ఇరవై రెండేళ్లుగా ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ని కాబట్టి నేను చాలా ఆశతోనే వెళ్లాను. దసరా సెలవుల్లో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయినీ, టెక్కలి నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటూ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుణ్నీ తీసుకుని జగదాంబ జంక్షన్ దగ్గర ఒక హాల్లో ఆ సినిమా చూశాను. ఆ రోజు కలిగిన నిరాశ ఇప్పటికీ పోలేదు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను. సినిమా పేరు మాత్రం రాయడం లేదు. కొత్తవాళ్ల కష్టం మీద నాకు గౌరవం ఉంది, వాళ్లను పేరు పెట్టి నిలదీయడం నా ఉద్దేశం కాదు.

అందరూ ప్రత్యేకంగా మెచ్చుకున్న సన్నివేశం ఒకటుంది. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గిన కుర్రాడు రాత్రివేళ హాస్టల్ మేడ ఎక్కుతాడు. వాడు దూకుతాడా, దూకడా అని కింద నిలబడ్డ స్నేహితులు బిస్కెట్ ప్యాకెట్లు పందెం కాస్తారు. వార్డెన్ లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొస్తూ మెట్ల మీద జారిపడతాడు. చివరికి ఆ కుర్రాడు మేడ ఎక్కింది దొంగచాటుగా తెచ్చుకున్న ఫోన్‌కు సిగ్నల్ కోసమని తేలుతుంది. హాలంతా నవ్వింది. మా మేనల్లుడు నవ్వలేదు. ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు; అన్నం తినేటప్పుడు మాత్రం, తమ హాస్టల్లో మేడ తలుపుకి ఎప్పుడూ తాళం ఉంటుందనీ, అది ఎందుకు వేశారో అక్కడున్న ప్రతివాడికీ తెలుసుననీ చెప్పాడు.

ఆ తాళం ఎందుకు పడిందో సినిమా తీసినవాళ్లకూ, దాన్ని పొగిడినవాళ్లకూ తెలిసి ఉండాల్సింది. విశాఖలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన ఒక విద్యార్థిని తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2025 జూలై 25న ఆ న్యాయస్థానం కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించి, విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదనీ, హాస్టళ్లలో మేడల మీదికీ బాల్కనీల్లోకీ ఇష్టం వచ్చినట్టు వెళ్లే వీలు లేకుండా చూడాలనీ వాటిలో ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున మా అధ్యాపకులెవరికీ నిద్ర ఉండదు. తక్కువ మార్కులు వచ్చిన పిల్లల ఇళ్లకు మేమే ముందుగా ఫోన్ చేసి, ఇవాళ ఒంటరిగా వదలొద్దని తల్లిదండ్రులకు చెబుతాం. ఇదే ఊళ్లో, ఇదే వయసు పిల్లల మీద తీసిన సినిమాలో ఆ భయాన్ని పందెంగా మార్చి నవ్వించడం నాకు మింగుడుపడలేదు.

హాస్యం వద్దని నేను అనడం లేదు. హాస్టల్ పిల్లలు హాస్యం లేకుండా ఒక్క వారం కూడా ఉండలేరు, అసలు వాళ్లను నిలబెట్టేదే అది. తెల్లవారక ముందే మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్ల మధ్య వాళ్లు ఎక్కడ నవ్వు దొరికించుకుంటారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నేను ఒకసారి వాలు తలం మీద దిమ్మె జారే లెక్క ఇచ్చాను. ఒక కుర్రాడికి అది రాలేదు. జవాబు పత్రంలో దిమ్మెకు రెండు కళ్లు, మీసం గీసి, పక్కన ‘నన్ను తొయ్యకండి సార్, ఘర్షణ చాలుతుంది, నేను ఇక్కడే ఉంటాను’ అని రాశాడు. సున్నా వేసి, ఆ కాగితం ఫోటో తీసి దాచుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ గేటు దగ్గరికి వెళ్తే ఇంకా బాగా తెలుస్తుంది. తల్లిదండ్రులు చెట్టు కింద దుప్పటి పరిచి, స్టీలు క్యారియర్‌లో పులిహోర, కోడికూర పెట్టుకుని కూర్చుంటారు. ఆ ఒక్క గంటలో పిల్లలు తింటూ, మార్కుల సంగతి దాటవేస్తూ, అమ్మను నవ్విస్తూ, పక్కవాడి క్యారియర్‌లో ఏముందో తొంగి చూస్తూ చెప్పే కబుర్లలో ఒక సినిమాకు సరిపడా హాస్యం ఉంది. అది రాయాలంటే నాలుగు ఆదివారాలు అక్కడ కూర్చోవాలి. ఈ సినిమా రాసినవాళ్లు అలా కూర్చోలేదని రెండు గంటల్లో తెలిసిపోయింది. ప్రవేశ పరీక్ష హాల్లో కుర్రాళ్లు కాగితాలు మార్చుకుని కాపీ కొట్టే సన్నివేశం పెట్టారు. ఆ పరీక్ష ఎంసెట్ అనే పేరుతో ఉన్న 2017 నుంచే కంప్యూటర్ మీద జరుగుతోంది. పరీక్ష రాసిన ఏ పిల్లవాణ్ని అడిగినా చెప్పేవాడు. ఆడపిల్లలకైతే ఈ సినిమాలో వెక్కిరింతలు పడడం తప్ప మరో పనే లేదు. మా అమ్మాయి ఆ మాట విశ్రాంతి సమయానికే అనేసింది.

నన్ను బాధించిన విషయం ఇంకొకటుంది. నలుగురు స్నేహితుల్లో శ్రీకాకుళం యాస మాట్లాడేవాడే మందబుద్ధి. వాడు ‘ఏటి’ అన్నప్పుడల్లా, ‘బేగి రండి’ అన్నప్పుడల్లా వెనక దరువు పడినట్టు సంగీతం వస్తుంది, మిగతా ముగ్గురూ నవ్వుతారు. ఇంట్లో తల్లితో అచ్చం అదే భాష మాట్లాడే మా మేనల్లుడు నా పక్క సీట్లో కూర్చుని అది విన్నాడు. కాలేజీలో చేరిన మొదటి నెలలోనే ఈ పిల్లలు తమ మాటను దిద్దుకోవడం మొదలుపెడతారు, నోరు విప్పే ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం క్లాసులో నాకు స్పష్టంగా తెలుస్తుంది. సందేహం ఉన్నా అడగరు. రావిశాస్త్రి గారు ఇదే ఊళ్లో ఉండి, ఈ నేల మనుషుల మాటను ఎంత పదునుగా, ఎంత గౌరవంగా కాగితం మీద పెట్టారో చదివినవాళ్లకు ఈ సినిమా చేసిన పని ఎంత చిన్నదో అర్థమవుతుంది.

చిన్న సినిమా కాబట్టి చూసీ చూడనట్టు పోవాలని కొందరు మిత్రులు నాతో అన్నారు. చిన్న సినిమా ఎలా ఉండవచ్చో ఇదే విశాఖ 2018లో చూసింది. వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో నటించినవారిలో ఎక్కువమంది కంచరపాలెం వాసులే, అంతకుముందు కెమెరా ముఖం ఎరగనివాళ్లే. అందులో ఒక బడి పిల్లవాడి కథ ఉంది. ఆ పిల్లవాణ్ని చూసి మనం నవ్వాం, వాడికి దెబ్బ తగిలినప్పుడు మన గుండె కలుక్కుమంది. వాడి మాటను ఎవరూ వెక్కిరించలేదు. ఆ సినిమాకూ డబ్బు తక్కువే. బడ్జెట్ తక్కువైతే సెట్లు తగ్గుతాయి, పెద్ద నటులు తగ్గుతారు. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని వాళ్ల మాట వినడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

ఇక పత్రికల సంగతి. సినిమా ప్రచారం ఎలా జరుగుతుందో నాలాంటి పాఠకులకు కొంత తెలుసు. డబ్బో, మరో ప్రయోజనమో తీసుకుని సోషల్ మీడియాలో ప్రచారం చేసేవారు ఆ సంబంధాన్ని స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటన ఏదో, వార్త ఏదో పాఠకుడికి విడిగా తెలియాలని ప్రెస్ కౌన్సిల్ నియమాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. మీ సమీక్షకుడు డబ్బు తీసుకున్నారని నేను అనడం లేదు, అలాంటి అనుమానం కూడా నాకు లేదు. ఆ సమీక్షకు ఎదురుగా అదే పేజీలో ఆ సినిమా నటుల ఇంటర్వ్యూ, దాని కింద సగం పేజీ ప్రకటన ఉన్నాయి. మూడింటి అక్షరాలూ, రంగులూ ఒకేలా ఉన్నాయి. మా అమ్మాయి ఏది ఏదో గుర్తించలేక నన్ను అడిగింది. ‘సహజంగా ఉంది’ అన్న సమీక్షకుడి మాట నమ్మి నేను ఇద్దరు పిల్లల్ని ఆ హాల్లో కూర్చోబెట్టాను.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. సినిమా పేజీలో సమీక్షను ప్రచార వ్యాసాల నుంచి వేరు చేసి, ఏది ఏమిటో పైన రాయండి. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల మీద సినిమా వచ్చినప్పుడు ఆ వయసు పిల్లలతోనే పది పది వాక్యాలు రాయించి సమీక్ష పక్కన వేయండి. వాళ్లకు నచ్చితే నచ్చిందనే వేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. రాయగల పిల్లలు మా కళాశాలలో చాలామంది ఉన్నారు, శ్రీకాకుళం యాసలో రాసేవాళ్లు కూడా ఉన్నారు. మీరు ఒక్క కబురు పెడితే, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని వాళ్ల రాతలు మీకు పంపే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.