సీ ల్యాబ్‌లో మొదటి ఏడాదిలోనే కోడ్ ఫార్మాటర్ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ల్యాబ్ అనగానే ఇండెంటేషన్ (కోడ్ వరుసల మొదట్లో వదిలే ఖాళీ) మాట వస్తుంది. రికార్డులో చక్కగా రాయమంటారు, వైవాలో అడుగుతారు, వరుసలు అడ్డదిడ్డంగా ఉంటే మార్కులు కోస్తారు. ఆ వరుసలను క్షణంలో సరిచేసిపెట్టే ఫార్మాటర్ అనే సాధనం ఉందని మాత్రం చాలామంది పిల్లలకు ఉద్యోగంలో చేరేదాకా తెలియదు. అక్కడ తోటివారు కోడ్ చదివి లోపాలు చెప్పే మొదటి కోడ్ రివ్యూలోనే ఖాళీల గురించీ బ్రాకెట్ల గురించీ పదిహేను వ్యాఖ్యలు పడతాయి. అసలు తర్కంలోని తప్పు వాటి మధ్య కనపడకుండా పోతుంది. ఈ సాధనాన్ని మొదటి ఏడాదిలోనే, సరైన పద్ధతిలో చేతికివ్వాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అందం కోసమే అయితే ఇంత పట్టుబట్టనక్కర్లేదు. 2014 ఫిబ్రవరిలో యాపిల్ తన ఐఫోన్లకు ఒక భద్రతా సవరణను హడావుడిగా విడుదల చేయాల్సి వచ్చింది. సురక్షిత అనుసంధానాన్ని ఏర్పరిచే సీ కోడ్‌లో ఒక ‘ఇఫ్’ (షరతు) కింద ‘గోటూ ఫెయిల్’ (‘ఫెయిల్’ అన్న చోటికి దూకు) అన్న వరుస రెండుసార్లు పడింది. ఫ్లవర్ బ్రాకెట్లు లేవు కనుక మొదటి వరుస ఒక్కటే షరతు కిందకు వస్తుంది. రెండోది షరతు ఏమైనా సరే నడుస్తుంది. దాంతో సర్వర్ పంపిన సంతకాన్ని సరిచూసే చోటికి ప్రోగ్రామ్ చేరకుండానే బయటపడింది. రెండు వరుసలూ ఒకే లోతులో ఉండడంతో, చదివేవారికి రెండూ ‘ఇఫ్’ లోపలివే అనిపిస్తాయి. అదే ఫైలును ఫార్మాటర్‌కు ఇస్తే రెండో ‘గోటూ’ను ఎడమకు జరిపి ‘ఇఫ్’తో సమానంగా నిలబెట్టేది. 2016లో వచ్చిన జీసీసీ 6 అనే కంపైలర్ (కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే సాధనం) ఇలాంటి మోసపు ఇండెంటేషన్‌ను ‘వాల్’ ఆప్షన్‌తో హెచ్చరించడం మొదలుపెట్టింది. ల్యాబ్‌లో ఆ ఆప్షన్ లేకుండా కంపైల్ చేయడం కూడా మానుకోవాల్సిన అలవాటే.

మొదటి ఏడాది విద్యార్థి తప్పులకు వద్దాం. ‘ఫర్ (ఐ = 0; ఐ < ఎన్; ఐ++);’ అని చివర సెమీకోలన్ పెట్టి, కింద ప్రింట్‌ఎఫ్ రాస్తారు. లూప్ ఎన్నిసార్లు తిరిగినా ముద్రణ ఒక్కసారే వస్తుంది. ఎందుకో తెలియక గంటసేపు తెర వైపు చూస్తూ కూర్చుంటారు. సీ, సీ++ కోడ్‌ను సర్దే క్లాంగ్-ఫార్మాట్ అనే ఫార్మాటర్‌ను నడిపితే ఆ సెమీకోలన్ ఒంటరిగా కింది వరుసకు దిగుతుంది, ప్రింట్‌ఎఫ్ ఎడమకు, ‘ఫర్’తో సమానంగా వస్తుంది. లూప్ లోపల ఏమీ లేదని కంటికే తెలిసిపోతుంది. మూసే బ్రాకెట్ ఒకటి మరిచిపోతే, ఆ చోటు నుంచి కింద ఉన్న ఫంక్షన్లన్నీ ఒక మెట్టు కుడికి జరుగుతాయి. జరుగుడు ఎక్కడ మొదలైందో అక్కడే వెతకాలి. రెండు ‘ఇఫ్’లకు ఒకే ‘ఎల్స్’ రాసి, అది పై ‘ఇఫ్’కు చెందుతుందని విద్యార్థి అనుకుంటే, ఫార్మాటర్ దాన్ని దగ్గరి ‘ఇఫ్’ కిందికి జరిపి చూపిస్తుంది. కంపైలర్ ఎలా అర్థం చేసుకుంటుందో అలాగే.

కొందరు అధ్యాపకులు చెప్పే అభ్యంతరం ఇక్కడే ప్రస్తావించాలి. ‘యంత్రమే సర్దిపెడితే పిల్లలు ఇండెంటేషన్ నేర్చుకోరు’ అంటారు. అందులో కొంత న్యాయం ఉంది. మొదటి మూడు నాలుగు వారాలు చేత్తోనే సర్దించండి. ఆ తర్వాత వారు రాసినదాన్నీ ఫార్మాటర్ ఇచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి వరుసకూ కారణం చెప్పించండి. ఇండెంటేషన్ అంటే బ్లాకుల (కలిసి నడిచే వరుసల గుంపుల) నిర్మాణమని అప్పుడు నిజంగా అర్థమవుతుంది.

అమర్చడం కష్టం కాదు, ఖర్చూ లేదు. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి సీ/సీ++ ఎక్స్‌టెన్షన్ వేస్తే క్లాంగ్-ఫార్మాట్ దానితోపాటే వస్తుంది. విండోస్‌లో షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్ మూడూ కలిపి నొక్కాలి, లైనక్స్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఐ. సెట్టింగ్స్‌లో ‘ఫార్మాట్ ఆన్ సేవ్’ను ఆన్ చేస్తే సేవ్ చేసినప్పుడల్లా దానంతట అదే జరుగుతుంది. కోడ్ ఉన్న ఫోల్డర్‌లో గానీ దాని పై ఫోల్డర్లలో గానీ చుక్కతో మొదలయ్యే ‘.క్లాంగ్-ఫార్మాట్’ అనే ఫైలు ఉండాలి. అందులో రెండు వరుసలు చాలు: ఆధార శైలి ఎల్ఎల్‌వీఎమ్ (క్లాంగ్-ఫార్మాట్‌లో ముందే ఉన్న ఒక శైలి పేరు) అని ఒకటి, ఇండెంట్ వెడల్పు 4 అని ఒకటి. ఎల్ఎల్‌వీఎమ్ శైలిలో సహజంగా ఉండేది 2 ఖాళీలు, కొత్తవారి కంటికి 4 మేలు. వరుస పొడవు 80 అక్షరాలన్నది అందులో ముందే ఉంది.

ల్యాబ్‌లో ఇది పనిచేయకపోతే చాలాసార్లు కారణం నోట్‌ప్యాడే. ఫైలు పేరు చివర తనంతట తానే ‘.టీఎక్స్‌టీ’ తగిలిస్తుంది, అప్పుడు ఆ ఫైలు ఫార్మాటర్ కంటికి ఆనదు. సేవ్ చేసేటప్పుడు రకం దగ్గర ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకోవాలి. రెండో కారణం, ఆ ఫైలులో కోలన్ తర్వాత ఖాళీ వదలకపోవడం.

ఇంకా టర్బో సీ అనే పాత కంపైలర్ వాడే ల్యాబ్‌లకూ మినహాయింపు అక్కర్లేదు. క్లాంగ్-ఫార్మాట్ కోడ్‌ను కంపైల్ చేయదు, హెడర్ ఫైళ్లను వెతకదు. టర్బో సీ కోడ్‌లో కనిపించే కొనియో.హెచ్ ఉన్నా, వాయిడ్ మెయిన్ ఉన్నా పట్టించుకోకుండా వరుసలు సర్దుతుంది. (టర్బో సీని వదిలించుకోవడం వేరే లేఖకు సరిపడే సంగతి.) వర్డ్ ఫైలు నుంచో పీడీఎఫ్ నుంచో కాపీ చేసినప్పుడు వచ్చే వంకర కొటేషన్ గుర్తులను మాత్రం ఏ ఫార్మాటరూ బాగుచేయదు. జీసీసీ ‘స్ట్రే 342’ అని తప్పు చూపితే ఆ గుర్తులను చెరిపి కీబోర్డుతో మళ్లీ కొట్టాల్సిందే.

సీ, సీ++లో తప్పనిసరిగా తెలియాల్సిన ప్రమాదం ఒకటుంది. క్లాంగ్-ఫార్మాట్ ఇన్‌క్లూడ్ వరుసలను (హెడర్ ఫైళ్లను కోడ్‌లోకి తెచ్చే వరుసలను) అక్షర క్రమంలో పేరుస్తుంది. విండోస్‌లో నెట్‌వర్క్ ప్రోగ్రామ్ రాసేటప్పుడు విన్‌సాక్2.హెచ్ ముందు, విండోస్.హెచ్ తర్వాత రావాలి. ఆంగ్ల అక్షర క్రమంలో విండోస్ ముందుకొస్తుంది కాబట్టి ఫార్మాట్ చేయగానే, అప్పటిదాకా బాగున్న ప్రోగ్రామ్ పదుల కొద్దీ ‘రీడెఫినిషన్’ తప్పులతో ఆగిపోతుంది. రెండింటి మధ్య ఒక ఖాళీ వరుస వదిలితే ఎల్ఎల్‌వీఎమ్ శైలి వాటిని వేర్వేరు గుంపులుగా చూస్తుంది, కలపదు. లేదా ఇన్‌క్లూడ్‌ల పేర్పును ఆ సెట్టింగ్స్ ఫైలులోనే ఆపేయవచ్చు. ఫార్మాటర్ అర్థాన్ని మార్చదన్న మాటకు సీలో ఉన్న ముఖ్యమైన మినహాయింపు ఇదే.

పైథాన్‌లో బ్లాక్ అనే ఫార్మాటర్ వాడండి. 2018లో వచ్చింది. పైథాన్ శైలి పత్రమైన పెప్ 8 వరుసకు 79 అక్షరాలు అంటే బ్లాక్ 88 తీసుకుంది, అంతకుమించి మార్చుకోవడానికి ఆప్షన్లు పెద్దగా ఇవ్వదు. అదే దాని బలం. మార్చిన తర్వాత పాత కోడ్, కొత్త కోడ్ రెండింటి వాక్య నిర్మాణ వృక్షాలూ (పైథాన్ ఆ కోడ్‌ను అర్థం చేసుకునే రూపాలు) సమానంగా ఉన్నాయో లేదో తానే సరిచూసుకుంటుంది. తప్పున్న కోడ్‌ను ఇస్తే చదవలేనని చెప్పి ఫైలును ముట్టుకోకుండా వదిలేస్తుంది. జాబితా చివరి అంశం తర్వాత కామా పెడితే జాబితాను వరుసకొకటిగా విడదీసి ఉంచుతుంది, ఇది తెలియనివారు ‘ఎందుకిలా సాగదీసింది’ అని విసుక్కుంటారు. జావాస్క్రిప్ట్‌కు 2017లో వచ్చిన ప్రెటియర్ ఉంది. గో భాషకైతే 2009లో అందరికీ విడుదలైనప్పుడే గోఫ్మ్ట్ కూడా వెంట వచ్చింది. ఇండెంటేషన్‌కు ట్యాబే, మార్చుకునే వీలు లేదు. అందుకే ఆ భాష వాడేవారి మధ్య ట్యాబా ఖాళీలా అన్న తగవే పుట్టలేదు.

ఒక్కరు రాసుకునే కోడ్‌కు ఇంతవరకు చాలు. నలుగురు కలిసి చేసే ఫైనలియర్ ప్రాజెక్టుల్లో, హైదరాబాద్, విశాఖల్లోని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఫార్మాటర్‌ను తెచ్చిపెట్టే తీరులోనే చిక్కులొస్తాయి. ఎవరో ఒకరు తన కంప్యూటర్‌లో ‘ఫార్మాట్ ఆన్ సేవ్’ పెట్టుకుంటారు. రెండు వరుసలు మార్చాల్సిన చోట కమిట్‌లో (ఒకసారి భద్రపరిచే మార్పుల కట్టలో) 600 వరుసలు మారినట్టు కనపడుతుంది. రివ్యూ చేసేవారికి అసలు మార్పు దొరకదు. కోపం సాధనం మీదకు మళ్లుతుంది, దాన్ని తీసేయిస్తారు.

పాత కోడ్‌కు దీన్ని పెట్టాలంటే క్రమం ఇలా ఉండాలి. ముందు ఏ ఫార్మాటరో, ఏ వెర్షనో తేల్చి ఆ వెర్షన్ నంబరును ప్రాజెక్టు ఫైలులో కచ్చితంగా రాయాలి. బ్లాక్ తన శైలి మార్పులను ప్రతి ఏడాదీ మొదటి విడుదలలో తెస్తుంది. ప్రెటియర్ 2023లో 3వ వెర్షన్‌కు వచ్చినప్పుడు ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల చివర కూడా కామా పెట్టడం మొదలుపెట్టింది. ఇద్దరి దగ్గర రెండు వెర్షన్లుంటే ఒకరు పెట్టిన కామాను మరొకరు తీసేస్తూ, ప్రతి కమిట్‌లోనూ అవే వరుసలు అటూ ఇటూ మారుతూ ఉంటాయి.

తర్వాత రివ్యూలో ఉన్న మార్పులను వీలైనంతవరకు కలిపేసి, ఒక రోజు అనుకుని, మొత్తం కోడ్‌ను ఒకేసారి ఫార్మాట్ చేసి, అది మాత్రమే ఉన్న కమిట్ చేయాలి. అందులో చేత్తో చేసిన మార్పు ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. ఇతరుల లైబ్రరీలను, యంత్రం పుట్టించిన ఫైళ్లను, ప్రోగ్రామ్‌ను సరిచూసే పరీక్షల్లో పోల్చే నమూనా ఫైళ్లను ముందే మినహాయించాలి. చేత్తో వరుసలు కలిపి రాసుకున్న మాట్రిక్స్ వంటివి ఉంటే ‘ఫార్మాట్ ఆఫ్’, ‘ఫార్మాట్ ఆన్’ వ్యాఖ్యల మధ్య పెడితే వాటి జోలికి పోదు. ఆ తర్వాత పరీక్షలన్నీ నడపాలి.

ఆ ఒక్క కమిట్ వల్ల ప్రతి వరుసా ఫార్మాట్ చేసినవారి పేరు మీదే కనపడుతుందని, పాత చరిత్ర పోతుందని భయపడతారు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో 2019లో వచ్చిన 2.23 వెర్షన్ నుంచి దీనికి మందు ఉంది. ‘.గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్’ అనే ఫైలులో ఆ కమిట్ సంఖ్యను పూర్తి 40 అక్షరాలతో రాసి, గిట్ సెట్టింగ్స్‌లో ఆ ఫైలు పేరు చెబితే ఏ వరుస ఎవరు రాశారో చెప్పే ‘బ్లేమ్’ ఆదేశం ఆ కమిట్‌ను దాటి అసలు రాసినవారిని చూపిస్తుంది. సంఖ్యను కుదించి రాస్తే ఒప్పుకోదు.

కలపకుండా మిగిలిపోయిన బ్రాంచి (విడిగా పని చేస్తున్న కోడ్ శాఖ) ఉంటే దాంట్లో ఫార్మాట్ అయిన కోడ్‌ను నేరుగా విలీనం చేయకండి, ఫైలు ఫైలుకూ ఘర్షణ వస్తుంది. ఫార్మాట్ కమిట్‌కు సరిగ్గా ముందున్న మెయిన్‌ను (అందరి ప్రధాన శాఖను) కలిపి, అదే వెర్షన్‌తో బ్రాంచిని ఫార్మాట్ చేసి కమిట్ చేసి, అప్పుడు ఫార్మాట్ కమిట్‌ను బ్రాంచిలోని కోడ్‌నే ఉంచే ‘అవర్స్’ వ్యూహంతో విలీనం చేస్తే దారి సాఫీ అవుతుంది.

విండోస్, లైనక్స్ కలిపి వాడేచోట వరుస ముగింపు గుర్తుల తేడా మరో తలనొప్పి. ప్రెటియర్ తన 2వ వెర్షన్ నుంచి ఎల్ఎఫ్ (లైనక్స్ వాడే గుర్తు) కోరుతుంది, విండోస్‌లో గిట్ సీఆర్ఎల్ఎఫ్‌గా (విండోస్ వాడే గుర్తుగా) మార్చి ఇస్తుంటే ప్రతి ఫైలూ తప్పని చూపిస్తుంది. ప్రాజెక్టులో ‘.గిట్‌యాట్రిబ్యూట్స్’ ఫైలు పెట్టి ముగింపు ఎల్ఎఫ్ అని రాస్తే పోతుంది. చివరగా, కమిట్‌కు ముందు దానంతటదే నడిచే హుక్ అనే తనిఖీని ఎవరైనా దాటేయగలరు కాబట్టి సర్వర్‌లో కూడా ‘చెక్’ ఆప్షన్‌తో ఫార్మాటర్ నడవాలి. అక్కడ అది ఫైళ్లను మార్చకూడదు, ఫార్మాట్ కానిదాన్ని తిప్పికొట్టాలి అంతే.

వేరియబుల్ పేర్లు, ఫంక్షన్ల నిడివి, తర్కం ఫార్మాటర్ పరిధిలోకి రావు. వాటి గురించి మాట్లాడుకునే సమయం మిగలాలనే ఇదంతా.

విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలకు, ల్యాబ్ బాధ్యులకు నా విన్నపం ఇది. సీ ల్యాబ్ మాన్యువల్‌లో ఫార్మాటర్ అమరికకు ఒక పేజీ కేటాయించండి. ఆ రెండు వరుసల సెట్టింగ్స్ ఫైలును ల్యాబ్ కంప్యూటర్లన్నిటిలో విద్యార్థుల ఫోల్డర్లకు పై ఫోల్డర్‌లో ఒక్కసారి ఉంచండి, లోపలి ఫోల్డర్లన్నిటికీ అదే వర్తిస్తుంది. అమీర్‌పేట శిక్షణ సంస్థలు కూడా జావా, పైథాన్ కోర్సుల మొదటి వారంలో దీనికో అరగంట ఇవ్వవచ్చు. మార్కులు కోసే ముందు సాధనం చేతికివ్వడం న్యాయమని నా అభిప్రాయం. ప్రయోగ పరీక్షల్లోనూ ఫార్మాటర్ వాడేందుకు అనుమతించి, ఇండెంటేషన్‌కు ఇస్తున్న ఆ ఒకటి రెండు మార్కులను పరీక్షా ఇన్‌పుట్లు సరిగా ఎంచుకున్నవారికి మళ్లించండి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు,
హైదరాబాద్