క్లాసిఫైడ్స్‌లో అగ్గిపెట్టెంత ప్రకటన

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో నేను రిపోర్టులు టైప్ చేస్తాను. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. మా డాక్టర్ మేడమ్ మెషీన్ మీద చూస్తూ చెప్తుంటే, నేను కర్టెన్ ఇవతల కూర్చుని టైప్ చేస్తుంటాను. చదివింది బి.కాం. వైద్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ రొమ్ములో గడ్డ తగిలిందని వచ్చే ఆడపిల్లల మొహాలు నేను చూసినన్ని, మీ ఆఫీసులో ప్రకటనలు తీసుకునేవాళ్లు చూసి ఉండరు. అందుకని రాస్తున్నాను.

పోయిన అక్టోబరులో ఒక ఆదివారం వచ్చిన మీ పత్రిక నా దగ్గర ఇంకా ఉంది. లోపలి పేజీలో గులాబీ రంగు రిబ్బన్ బొమ్మ పెట్టి రొమ్ము క్యాన్సర్ మీద వ్యాసం వేశారు. మంచి వ్యాసమే. ఏ గడ్డనూ నిర్లక్ష్యం చేయొద్దని రాశారు. నాలుగు పేజీలు తిప్పితే క్లాసిఫైడ్స్. ‘వధువు కావలెను’కీ, ‘పాత ఇన్వర్టర్ బ్యాటరీలు కొనబడును’కీ మధ్య అగ్గిపెట్టెంత ప్రకటన ఒకటి: ‘ఆపరేషన్ లేకుండా 30 రోజుల్లో వక్షోజ సౌందర్యం. గడ్డలు ఉన్నవారూ వాడవచ్చు. సైడ్ ఎఫెక్ట్స్ లేవు.’ కింద ఒక సెల్ నంబరు. మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది ఆ నంబరుకే.

ఆ పిల్లకి ఇప్పుడు ఇరవై రెండు. పందొమ్మిదో ఏట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీ అంత గడ్డ తగిలింది. మా సెంటర్‌కే తీసుకొచ్చాను. అల్ట్రాసౌండ్ చేశారు, పెద్దాసుపత్రిలో సూది పరీక్ష చేయించాం. ఫైబ్రో అడినోమా అన్నారు. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల లోపు ఆడవాళ్లలో ఎక్కువగా కనపడే గడ్డ ఇదే. వేలు పెడితే చటుక్కున పక్కకి జారిపోతుందని డాక్టర్లు దీన్ని ‘ఎలుక’ అని కూడా పిలుస్తారు. మామూలు ఫైబ్రో అడినోమా క్యాన్సర్ కాదు, ఒంట్లో ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు. తీసేయాలని కూడా లేదు. కానీ చూసుకుంటూ ఉండాలి. మా పిల్లకి మొదటిసారి 1.7 సెంటీమీటర్లు. ఆర్నెల్లకీ అంతే. తర్వాత ఏడాది 1.8. ఆ మాత్రం తేడా కొలిచే చేతిది, పెరిగినట్టు కాదంది మా మేడమ్. ఆ మూడు రిపోర్టులూ టైప్ చేసింది నేనే. మూడోది టైప్ చేసేటప్పుడు మనసు నిమ్మళంగా ఉంది.

ఫిబ్రవరిలో పెళ్లి అనుకున్నారు. జాకెట్ల కొలతలకి వెళ్తే టైలరమ్మ ‘ప్యాడ్ వేయనా అమ్మా’ అందట. అంతే, ఆ ఒక్క మాట. దీని మీద నేను పిల్లని తిట్టలేదు, మీరూ నవ్వకండి. నేను నెలనెలా జుట్టుకి రంగు వేసుకుంటాను. అందంగా కనపడాలనుకోవడం తప్పేం కాదు.

మూడు వేల అయిదొందలు, క్యాష్ ఆన్ డెలివరీ. ఫోన్లో ‘డాక్టర్ గారు’ వయసు అడిగాడు, ఎత్తు అడిగాడు, పెళ్లి ఎప్పుడని అడిగాడు. గడ్డ సంగతి అడగలేదు. పిల్లే చెప్పింది, ‘సార్, నాకొక చిన్న గడ్డ ఉంది, పర్లేదా’ అని. ‘అది కొవ్వు గడ్డ మేడమ్, మన క్రీముకి కరిగిపోతుంది’ అన్నాడట. కళ్లతో చూడకుండా, రిపోర్టు అడక్కుండా!

పెట్టెలో మూడు వస్తువులు. పేరు తప్ప ఏం కలిపారో రాయని క్రీము ట్యూబు ఒకటి. అరవై క్యాప్సూల్స్. బీపీ మెషీన్‌కి ఉండే రబ్బరు బల్బులాంటిది తగిలించిన రెండు ప్లాస్టిక్ కప్పులు. కప్పు బోర్లించి, బల్బు నొక్కి గాలి లాగేసి, ఇరవై నిమిషాలు ఉంచుకోవాలట. పిల్ల టేపు పెట్టి కొలుచుకుంది. ఇరవయ్యో రోజుకి ఒక సెంటీమీటరు పెరిగింది. సంబరపడింది. మూడు రోజులకి నెలసరి వచ్చింది, అయిపోయాక కొలిస్తే టేపు మళ్లీ మొదటి అంకె దగ్గరకే వచ్చింది. నెలసరి ముందు రొమ్ములు నీరు పట్టి బరువెక్కడం చాలామంది ఆడవాళ్లకి తెలిసిందే. కానీ ఆ వయసులో, ఆ టెన్షన్లో, తనకి తోచింది వేరే. మందు సరిపోవడం లేదనుకుంది. ఇరవై నిమిషాలని గంట చేసింది.

చెల్లెలు నాకు ఫోన్ చేసి ఏడ్చిన రాత్రి నేను మర్చిపోలేను. ‘అక్కా, దీని ఒంటి మీద గుండ్రంగా నల్లటి మచ్చలున్నాయే. ఎవరన్నా ఏమన్నా చేశారేమో, నోరు విప్పి చెప్పట్లేదు’ అంది. గాజు ఎర్రగా కాల్చి ముద్ర వేసినట్టు ఉన్నాయి, రెండు వైపులా. పిల్ల నా ఒక్కదానికే చెప్పింది. ‘పెద్దమ్మా, అమ్మకి చెప్పకు. గడ్డ పెరిగిందో, ఇది వాపో తెలియట్లేదు’ అంది.

పొద్దున్నే తీసుకొచ్చాను. ఆ రోజు నా వేళ్లు కీబోర్డు మీద సరిగ్గా పడలేదు. లోపల రక్తం గడ్డకట్టి, చుట్టూ నీరు పట్టి ఉంది. పాత గడ్డకి ఎప్పుడూ అంచు గీత గీసినట్టు ఉండేది. ఇప్పుడు ఒక పక్క ఆ అంచు కనపడటం లేదు. రొమ్ము స్కాన్ రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె వేస్తారు. రెండంటే క్యాన్సర్ కాదని తేల్చేసినట్టు. మూడంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు కూడా ఉండదు, అయినా ఆర్నెల్లకి మళ్లీ చూడాలి. నాలుగంటే సూది పరీక్ష తప్పదు. పిల్ల ఫైలు చివరిసారి రెండుతో మూసేశాం. ఆ రోజు మేడమ్ కాసేపు ఆగి, దెబ్బ తగ్గనిద్దాం, ఎనిమిది వారాలకి మళ్లీ చూస్తే గానీ చెప్పలేనంది. క్యాలెండర్లో లెక్కపెట్టాను. పెళ్లికి పదకొండు రోజులు ముందు.

ఆ ఎనిమిది వారాల గురించి ఏం రాయను. మగపెళ్లివాళ్లు బట్టలకి పిలిస్తే చెల్లెలు చీరలు చూస్తూ చూస్తూ లేచి బయటికి వెళ్లిపోయేది. చివరికి గడ్డ అలాగే ఉంది, 1.8. వాపు పోయింది, అంచు మళ్లీ కనపడింది. పెళ్లయింది. మా కథ బాగానే ముగిసింది కాబట్టే ఇంత నిదానంగా రాయగలుగుతున్నాను.

ఆ కప్పు వల్ల క్యాన్సర్ వస్తుందని నేను అనడం లేదు, మా మేడమ్ కూడా అనలేదు. గడ్డ ఉన్నవాళ్లకి అసలు ప్రమాదం ఎక్కడంటే, ఆ గడ్డ మీద పెట్టిన కాపలా చెడిపోవడం దగ్గర. ఏడాది కిందటి బొమ్మా ఇప్పటి బొమ్మా పక్కపక్కన పెడితే తేడా తెలియాలి. మధ్యలో ఎవడో ఏదో పూసి, పీల్చి, ఎక్కించి ఆ బొమ్మనే అలికేస్తే డాక్టరు దేంతో పోల్చాలి?

మందుల సంగతి కూడా అంతే. ఫైబ్రో అడినోమా ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను మాట వినే గడ్డ. గర్భంతో ఉన్నప్పుడు పెరగొచ్చు, నెలసరి ఆగిపోయాక చిన్నదవుతుంది. మరి రొమ్ము పెంచుతానని చెప్పే క్రీములో, క్యాప్సూల్లో ఏ హార్మోను కలిపారో రాయనప్పుడు, ఈ గడ్డ ఉన్న పిల్లకి అది మంచిదని ఎవరు చెప్పగలరు? మా పిల్ల క్యాప్సూల్స్ మెంతి వాసన వేశాయి. మన మెంతికూర పప్పుకి నేను అడ్డం చెప్పను. పప్పులో వేసింది మెంతి అని నాకు తెలుసు. క్యాప్సూల్లో మెంతితో పాటు ఇంకేముందో తెలియదు.

గాలి పీల్చే పరికరం మీద నిజంగా పరిశోధన జరగలేదా అంటే జరిగింది. అమెరికాలో మయామీ సర్జన్ రోజర్ ఖౌరీ 2000లో ఫలితాలు ప్రచురించారు. అందులో ఆడవాళ్లు పది వారాల పాటు రోజుకి పది గంటలు ఆ పరికరం తగిలించుకున్నారు. పీల్చే ఒత్తిడి ఒక హద్దు దాటకుండా అందులోనే ఏర్పాటు ఉంది. అంత చేసినా పెరిగింది కొద్దిగానే. మన పార్శిల్లో వచ్చేదానికి ఉన్న ఏర్పాటు పిల్ల బొటనవేలు!

ఇక ఇంజెక్షన్లు. ఇది రాయకపోతే ఈ ఉత్తరం రాసి ఉపయోగం లేదు. మూడేళ్ల కిందట ఒకావిడ వచ్చింది, నలభై దాటి ఉంటాయి. వేరే ఊళ్లో ఒక మేడ మీద క్లినిక్‌లో ‘ఆపరేషన్ కాదు, ఇంజెక్షనే’ అంటే నాలుగుసార్లు ఎక్కించుకుంది. ఏం ఎక్కించారో చీటీ లేదు. ఆవిడకి అంతకుముందే, ఎప్పటినుంచో ఒక గడ్డ ఉంది. స్కాన్ పెడితే తెర మీద అంతా తెల్లటి పొగ. మేడమ్ ‘స్నోస్టార్మ్’ అని చెప్పింది, నేను టైప్ చేశాను. గుంటూరు ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని, మంచు తుఫాను అనే మాట నేను మొదటిసారి టైప్ చేసింది ఒక ఆడమనిషి రొమ్ము రిపోర్టులో. సిలికాన్ ద్రవం ఒంట్లోకి వెళ్తే అలా కనపడుతుందట. దాని వెనక ఏముందో అల్ట్రాసౌండ్‌కి కనపడదు. పాత గడ్డ ఎక్కడుందో మేడమ్ ఎంత వెతికినా దొరకలేదు. ఎమ్మారైకి హైదరాబాద్ పంపారు. డబ్బులెంతవుతాయని ఆవిడ నన్నడిగింది. చెప్పాక పర్సు తీసి చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకుంది. తర్వాత మా సెంటర్‌కి రాలేదు.

అప్పటినుంచి దీని మీద ఏది కనపడినా చదువుతున్నాను. వందేళ్ల కిందట యూరప్‌లో పారఫిన్ మైనం ఎక్కించేవాళ్లట. చైనాలో ఒక రకం జెల్ ఎంతోమందికి ఎక్కించాక, 2006లో ప్రభుత్వం నిషేధించింది. మ్యాక్రోలేన్ అనే ఫిల్లర్‌ని, అంటే ఆకారం కోసం లోపలికి ఎక్కించే జెల్‌ని, కంపెనీవాళ్లే 2012లో రొమ్ములకి వాడొద్దని ఆపేశారు. ఎందుకో తెలుసా? అది విషమని కాదు. అది లోపల ఉంటే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) బొమ్మని ఎలా చదవాలో డాక్టర్లలో ఏకాభిప్రాయం లేక. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ రొమ్ము పెంచడానికి ఏ ఫిల్లర్‌కీ అనుమతి ఇవ్వలేదు. ఒంటి ఆకారం కోసం సిలికాన్ ఇంజెక్షన్లు చేయించుకోవద్దని 2017లో హెచ్చరించింది కూడా.

సొంత కొవ్వు తీసి ఎక్కించే పద్ధతి వేరు. దాన్ని కూడా ‘ఆపరేషన్ కాదు’ అంటారు గానీ, అందులో థియేటర్ ఉంటుంది, మత్తు ఉంటుంది. మంచి ప్లాస్టిక్ సర్జన్ అయితే ముందు రొమ్ము స్కాన్ రిపోర్టు తెమ్మంటాడు. అడగని చోట లేచి వచ్చేయడమే.

ఇప్పుడు మీ సంగతి. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954లో వచ్చింది. ఫలానా జబ్బులకి, ఫలానా అవసరాలకి మందు ఉందని ప్రకటనలు ఇవ్వకూడదని దాని వెనక ఒక జాబితా ఉంది. క్యాన్సర్, షుగర్, మూర్ఛ లాంటివాటితో పాటు ‘స్త్రీ రొమ్ము ఆకారం, నిర్మాణం’ అని స్పష్టంగా రాసి ఉంది. శరీర నిర్మాణాన్ని మార్చడానికి ఉద్దేశించిన, ఆహారం కాని ఏ వస్తువైనా ఆ చట్టం కింద మందే, కాబట్టి కప్పు మందు కాదని తప్పించుకోవడానికి లేదు. ఆ నిషేధం ప్రకటన ఇచ్చినవాడితో ఆగదు, దాన్ని ప్రచురించడంలో పాలుపంచుకున్న అందరికీ వర్తిస్తుంది. 2024లో తప్పుదోవ పట్టించే ఆరోగ్య ప్రకటనల మీద విచారణలో సుప్రీంకోర్టులో నలిగింది కూడా ఈ చట్టమే. ఆ వార్తలు మీరు మొదటి పేజీలో వేశారు, నేను చదివాను.

మా సెంటర్లో గోడ మీద ‘ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు’ అని బోర్డు ఉంటుంది. ఎవరైనా వచ్చి గుసగుసగా అడిగితే, రిసెప్షన్లో కూర్చునే పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఆ బోర్డు చూపిస్తుంది. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. మీ క్లాసిఫైడ్స్ కౌంటర్లో కూర్చునే అబ్బాయికి కూడా ఒక కాగితం మీద ఆ జాబితా రాసి ఇవ్వలేరా? మాటకింతని మీకు వచ్చే డబ్బులు ఎంతో నాకు తెలుసు. నా తమ్ముడి స్థలం అమ్మకం ప్రకటన నేనే ఇచ్చాను.

ఆ ప్రకటన కత్తిరించి ఈ ఉత్తరానికి పిన్ చేశాను. పోయిన ఆదివారం కూడా అదే నంబరుతో మళ్లీ వచ్చింది, ఈసారి ‘బ్యాటరీలు’ పైన. ఈ ఉత్తరం వేసినా వేయకపోయినా, ఆ నంబరుకి మీరే ఒకసారి ఫోన్ చేయండి. మా అమ్మాయికి చిన్న గడ్డ ఉంది, వాడొచ్చా అని అడగండి. స్కాన్ రిపోర్టు పంపమంటాడేమో వినండి.

ఇట్లు,
ఒక స్కానింగ్ సెంటర్ టైపిస్టు,
కొత్తపేట, గుంటూరు