అంకె పక్కన పద్ధతి కూడా వేయండి

సంపాదకుడు గారికి,

గెడ్డ (మురుగు పారే వాగు) బురదలో జిడ్డు ఎంతుందో ఒక ల్యాబ్ ఒకటి, ఇంకో ల్యాబ్ వేరొకటి చెప్పగానే ఎవరో అబద్ధం ఆడుతున్నారని మన విశాఖలో అందరం తేల్చేస్తాం. చాలాసార్లు ఎవరూ ఆడరండీ. ఫిషింగ్ హార్బర్‌లో ఒకే చేపను పొట్ట తీయకముందు ఒకరు, తీశాక ఒకరు తూచినట్టే ఇదీ.

మామూలు ఆయిల్ అండ్ గ్రీజ్ పరీక్షలో హెక్సేన్ అనే ద్రావకంలో కరిగినదంతా ఆరబెట్టి తూస్తారు. అందులో హోటళ్లు పారబోసిన వేపుడు నూనె ఎంతో, బోటు ఇంజిన్ నుంచి కారింది ఎంతో ఆ బరువు చెప్పదు. అది తేలాలంటే వంట నూనెలో ఉండి, ఇంజిన్ ఆయిల్‌లో దాదాపు ఉండని కొవ్వు ఆమ్లాలు విడిగా చూడాలి. మళ్లీ అందులోనూ దారులు వేరు. 1959లో బ్లై, డయ్యర్ అనే శాస్త్రవేత్తలు చేపల కండలోంచి కొవ్వు తీయడం కోసం క్లోరోఫాం, మిథనాల్, నీళ్లు కలిపి ఒక పద్ధతి తెచ్చారు, తమాషాగా ఇప్పుడు మట్టికీ బురదకీ అదే వాడుతున్నారు. ఆ తర్వాత సిలికా పొడి నింపిన గొట్టంలో (కాలమ్) పోసి, కణాల పైపొరలో ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులను వేరుచేస్తే బతికున్న సూక్ష్మజీవుల లెక్క వస్తుంది, ఎందుకంటే జీవి చచ్చాక అవి త్వరగా విరిగిపోతాయి. కాలమ్ మానేసి బురదనే నేరుగా మరిగిస్తే చచ్చిన ఆకూ, నాచూ, బజ్జీల నూనె అన్నీ కలిసి అంకె పెరుగుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత. ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రంలోకి పంపాలంటే ముందు వీటిని తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చాలి. పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపిన మిథనాల్‌తో పని తేలికే, కానీ నూనె అణువు నుంచి ఊడిపోయి విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలను అది మార్చలేదు. మురుగులో పాతబడ్డ నూనెలో ఎక్కువగా ఉండేవి అవే కదా! అంటే బురద కంపు కొడుతుంటే కూడా రిపోర్టులో తక్కువ కనిపించొచ్చు. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేస్తే నూనెలో కలిసున్నవీ, విడిగా ఉన్నవీ రెండూ దొరుకుతాయి గానీ, కొన్ని బ్యాక్టీరియాల్లో ఉండే సైక్లోప్రొపేన్ రకం కొవ్వు ఆమ్లాలు పాడవుతాయి.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తల్లో, ఏ శాంపిలూ వేయని బ్లాంక్‌లోనే పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం వచ్చి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి చూస్తే అది నా వేళ్ల జిడ్డే, గ్లవ్స్ లేకుండా గాజు సీసాలు పట్టుకున్నాను!

మన నగర పాలక సంస్థ జీవీఎంసీ పరీక్షలకు ఇచ్చేటప్పుడే ఒక పద్ధతి రాసి ఇవ్వాలి, అనుమానం వస్తే ఒకే బురదను రెండు పాళ్లు చేసి ఇద్దరికీ పంపాలి. రిపోర్టు మీ విలేకరి చేతికి వచ్చినప్పుడు ఆయన కూడా ఈ మూడూ అడిగి అంకె పక్కన వేయాలి: బురదను ఎలా ఆరబెట్టారు (తడి ఉంటే బరువు మారిపోతుంది), వాడింది క్షారమా ఆమ్లమా, బ్లాంక్‌లో ఎంతొచ్చింది.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం