ప్రాక్టీస్ టెస్టులో 90 వస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఐటీ సర్టిఫికేషన్లకు చదివేవారు ఒకే ప్రాక్టీస్ టెస్టును నాలుగైదుసార్లు రాసి, 90 శాతం వచ్చిందని ధీమాగా పరీక్షకు వెళ్తున్నారు. రెండోసారి నుంచి వచ్చే మార్కులు జ్ఞాపకశక్తివి, పరిజ్ఞానానివి కావు. కొత్త పేపరును మొదటిసారి రాసినప్పుడు వచ్చిన మార్కే లెక్క.

అసలు పని టెస్టు ముగిశాకే మొదలవుతుంది. తప్పు పోయినవే కాదు, ఊహించి కొట్టగా తగిలినవీ పుస్తకంలో రాసుకోవాలి. విషయం తెలియకా, ప్రశ్న సరిగా చదవకా, రెండు జవాబుల మధ్య తికమకపడా? ఒక్క వాక్యంలో కారణం ఉండాలి. ప్రశ్నలో ‘తక్కువ ఖర్చుతో’ అన్న ఒక్క మాట చాలు, సరైన జవాబు మారిపోతుంది. మిగతా మూడు జవాబులు ఎందుకు కుదరవో చెప్పలేకపోతే ఆ అంశం ఇంకా రానట్టే. దాన్ని ల్యాబులో స్వయంగా చేసి చూడాలి.

టైమర్ పెట్టుకునే రాయాలి. ఉదాహరణకు, అమెజాన్ క్లౌడ్ విభాగం ఏడబ్ల్యూఎస్ నిర్వహించే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌లో 65 ప్రశ్నలకు 130 నిమిషాలు. అందులో 15 ప్రశ్నలకు మార్కులే ఉండవు, అవి ఏవో చెప్పరు. కాబట్టి వింత ప్రశ్న దగ్గర బెంబేలెత్తక, గుర్తుపెట్టి ముందుకు సాగాలి. తప్పుకు కోత లేదు, ఖాళీ వదలకూడదు. ఉత్తీర్ణతకు కావలసిన 720 స్కేల్డ్ స్కోరు, అంటే పేపరు కఠినతను బట్టి సర్దిన మార్కు. దాన్ని 72 శాతం అనుకోవడం పొరపాటు.

ఇక ‘అసలు ప్రశ్నలివే’ అని అమ్మే డంపులు! వాటిలో జవాబులే చాలాచోట్ల తప్పు. పైగా వాడినట్టు తేలితే ఫలితం రద్దవుతుంది, సర్టిఫికెట్ వెనక్కి పోతుంది.

– ఒక ఐటీ శిక్షకుడు